చెక్కపెట్టెల జోస్యం

ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజుల్లో సైదాబాద్‌లో మా గల్లీకి విదేశాంగ మంత్రిని నేనే. నన్నెవరూ ఎన్నుకోలేదు. సైన్యానికి సరుకు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ పదవి దానంతటదే వచ్చి నెత్తిన కూర్చుంది.

ఫ్యాక్టరీలో నేనేం చేస్తానో ఎవరికీ చెప్పకూడదు. లోపలి మాట బయట పొక్కితే జైలేనని, చేరిన రోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఎవరైనా అడిగితే పెదవులు బిగించి ఆకాశం వైపు చూసేవాణ్ణి. ఆ చూపుకు గల్లీలో ఎన్ని అర్థాలు తీశారో! బాంబుల్లో మందు కూరతానని ఒకడన్నాడు. విమానాలకు రెక్కలు బిగిస్తానని ఇంకొకడన్నాడు. నిజానికి నేను వడ్రంగిని. సరుకు పంపడానికి చెక్కపెట్టెలు చేసేవాణ్ణి. వాటిలో ఏం పెడతారో నాకూ తెలియదు, సరుకు నింపి మూత బిగించే గది వేరే. నా చేతిలో ఉన్నంతసేపూ ఆ పెట్టెలో ఉండేది గాలి. ఆ గాలిని దేశ రహస్యంలా కాపాడాను.

నోటికి తాళం ఫ్యాక్టరీ సంగతులకే, లోకం సంగతులకు కాదు. సెలవు రోజున అఫ్జల్‌గంజ్‌లోని ఒక ఇరానీ హోటల్లో నా కొలువు. హోటల్ సేఠ్ తాత ఇరాన్ నుంచి వచ్చాడు. ఎదుటి కుర్చీలో కూర్చునేది బార్కస్ బస్తీ నుంచి వచ్చే భాయ్, ఆయన ముత్తాత అరబ్బు దేశం నుంచి వచ్చాడు. వీళ్లిద్దరూ పుట్టింది ఇక్కడే, ఆ దేశాల మొహం చూసింది లేదు. అయినా అక్కడ ఇరాన్ వెనక్కి తగ్గిందని రేడియో చెబితే చాలు, ఇక్కడ బార్కస్ భాయ్‌కి చాయ్ చల్లగా వచ్చేది.

"సేఠ్, నీ ఫౌజు ఓడిపోతే నా చాయ్ ఏం జేసింది?" అని ఆయన లొల్లి పెట్టేవాడు.

మధ్యలో నేను తీర్పు చెప్పేవాణ్ణి. "ఎద్దు పుండు కాకికి ముద్దు. తుపాకులు అమ్మేటోళ్లు ఇటూ అమ్ముతున్నరు, అటూ అమ్ముతున్నరు. లడాయి ఎందుకు ఆగనిస్తరు?"

ఈ జ్ఞానం కూడా నా సొంతం కాదు. మా పెద్దాఫీసరు ఒకరోజు అందరినీ నిలబెట్టి ఉపన్యాసమిచ్చాడు. మనకు విడిభాగాలు అమ్మే దేశాలు ఇప్పుడు ఆ యుద్ధంలో మంచి బేరం దొరకడంతో మనల్ని ఆగమంటున్నాయని, ఇక మనవి మనమే చేసుకోవాలని ఆయన చెప్పాడు. ఆ మర్నాటి నుంచి పెట్టెల పని పెరిగింది. అప్పుడే నాకొక తెలివి పుట్టింది. పేపరెందుకు, రేడియో ఎందుకు? పెట్టెలు పెరిగితే యుద్ధం ముదిరినట్టు, తగ్గితే చల్లారినట్టు. మా షెడ్డులో కూర్చునే ప్రపంచం నాడి పట్టేశాననుకున్నాను.

ఒక వేసవిలో పెట్టెల పని సగానికి పడిపోయింది. చిత్రికలు పక్కన పెట్టి రంపపు పొట్టు ఊడ్చుకుంటూ కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే మా చెల్లె మొగుడు ఇరాక్ నుంచి సెలవు మీద వచ్చాడు. బస్రా పక్కన కడుతున్న ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. సెలవు అయిపోవస్తోంది, తిరుగు టికెట్టు ఇంట్లో ఉంది. ఒక ఆదివారం చెల్లె చంకలో పిల్లనెత్తుకుని మా ఇంటికొచ్చింది.

"అన్నా, నీకు లోపలి సంగతులు ఎరుకనే గదా. లడాయి బందైతదా? ఆయన్ను పంపాల్నా, ఆపాల్నా?"

"ఎక్కువ రోజులు నడవది చెల్లె. నాలుగైదు నెలలు, గంతే. పంపు."

"నీకెట్ల ఎరుక?"

పెదవులు బిగించి దూలం వైపు చూశాను. ఆ చూపుకు అది తృప్తిపడింది. వారం తిరక్కుండా బావ విమానమెక్కాడు.

ఆ తర్వాత నెలకు మా షెడ్డు ముందు ఒక లారీ ఆగింది. దాన్నిండా ఇనుప పెట్టెలు. ఇవెందుకని మా ఫోర్‌మన్‌ను అడిగాను.

"చెక్క ఎన్ని రోజులుంటది భాయ్? చెద పడ్తది. గా దేశాల లడాయి జూసి మనోళ్లకు అకల్ వచ్చింది. లడాయంటే ఇగ పదిహేను రోజుల ముచ్చట గాదు, ఏండ్లకేండ్లు నడుస్తది. సరుకు గోదాముల ఏండ్లకేండ్లు పండాలె. గందుకే ఇనుము."

నా పెట్టెలు తగ్గింది యుద్ధం ఆగుతుందని కాదు, ఆగదని.

అప్పుడే పరుగెత్తి వెళ్లి చెల్లెకు చెప్పాల్సింది. బావను వెనక్కి పిలిపించాల్సింది. చెప్పలేదు. చెబితే నా మంత్రి పదవి ఊడుతుంది. ఇంత నీచమైన కారణం ఇంకొకటి ఉంటే నాకైతే తెలియదు. బావ ఉత్తరాలు రాసే రకం కాదు, మాటలు క్యాసెట్టులో నింపి పంపేవాడు. ఒక క్యాసెట్టులో ఆయన గొంతు వెనకాల ఢామ్మని ఏదో వినపడింది. "తలుపు కొట్టుకున్నది" అని ఆయనే అన్నాడు. నేనూ చెల్లెతో "అవు, తలుపే" అన్నాను. తర్వాత క్యాసెట్టులు రావడం ఆగిపోయింది. చెల్లె రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేది. "ఏం ఫికర్ లేదు" అనేవాణ్ణి. నాకు అన్నం సయించేది కాదు.

చలికాలంలో బావ తిరిగొచ్చాడు. కూలీల క్యాంపు పక్కనే గుండు పడిందట. ప్రాణం దక్కింది, ఎడమ చెవికి వినికిడి పోయింది.

హోటల్‌కు తీసుకెళ్తే జనం మూగారు. యుద్ధం కళ్లారా చూసొచ్చిన మనిషి దొరికాడని సేఠ్ గల్లా వదిలి వచ్చాడు. ఎవరు గెలుస్తారని అడిగారు.

"నాకేం ఎరుక భాయ్? సైరన్ మోగంగనే గుంతల పండేటోళ్లం" అన్నాడు బావ.

జనానికి అది రుచించలేదు. అందరూ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పన్నా!"

"నాకేం తెల్వదు. నేను చెక్కపెట్టెలు చేస్తా. గంతే" అన్నాను.

హోటలంతా గొల్లున నవ్వింది. "శభాష్! రహస్యమంటే గిట్ల దాచాలె" అని బార్కస్ భాయ్ వీపు తట్టాడు. సేఠ్ మలాయి వేసి చాయ్ పంపించాడు. కుడిచెవి నా వైపు పెట్టి కూర్చున్న బావ మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. చెల్లె చాటలో బియ్యం ఏరుతోంది. ఫ్యాక్టరీ సంగతి, ఇనుప పెట్టెల సంగతి అంతా చెప్పాను. అది ఏరడం ఆపింది.

"అంటే నేనడిగిననాడు నీకేం తెల్వదు."

"తెల్వదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గా ఒక్క మాట గప్పుడు అనకపోతివి అన్నా. తెల్వదంటే నేను ఆయన్ను ఆపుకుంటుంటి."

అది చాట పక్కన పెట్టి, లోపల కూర్చున్న బావను పిలిచింది. "ఇగో, ఇంటున్నవా? అన్న వచ్చిండు."

ఆయన కదల్లేదు. అది లేచి వెళ్లి, ఆయన చుట్టూ తిరిగి కుడివైపు కూర్చుని, మళ్లీ పిలిచింది.