దీవిలో మా ఆయన వేసిన మిద్దె

మా ఆయన రెండు గోతాల చౌడుమన్ను ఓడెక్కించుకుని అండమాను దీవులకు వచ్చారు. సువార్త పనికి పోయే మనిషి మన్ను మోసుకుపోవడమేమిటని మద్రాసు రేవులో కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఓడ కదిలేదాకా నాతో మాట్లాడలేదు.

అప్పటికి ఆయనకు యాభై ఎనిమిది, నాకు యాభై రెండు. మార్కాపురం మిషన్‌లో ఆయన ఉపదేశకులుగా, నేను బడి పంతులమ్మగా ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయాం. పిల్లలు లేరు. దీవుల్లో అడవి కలప కొట్టే పనికి పోయిన తెలుగువాళ్ళకు ప్రార్థన చెప్పడానికి, వాళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి మనుషులు కావాలంటే వయసులో ఉన్నవాళ్ళెవరూ ముందుకు రాలేదు. మేం పోతామన్నాం.

"శిక్ష పడినోళ్ళను గదా ఆడికి పంపేది! మీరేం తప్పు చేసినారక్కా?" అని పక్కింటామె ఏడ్చింది.

మా మిషన్ దొరగారికీ మనసొప్పలేదు. ఈ వయసులో అక్కడ ఏమైపోతామోనని ఆయన భయం. చివరకు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆరు నెలలకు తానే ఓడలో వస్తారు. అప్పటికి గుడి లేచి, అందులో బడి నడుస్తుంటే మేం ఉండవచ్చు. లేకపోతే అదే ఓడలో తనతో వెనక్కి రావాలి.

వెనక్కి రావడమంటే ఏమిటో నాకు తెలుసు. వసారాలో కూర్చుని ఒకరి దగ్గు ఒకరం లెక్కపెట్టుకోవడం. అది నాకు బొత్తిగా ఇష్టం లేదు.

దీవిలో మాకు దొరికిన పెద్దదిక్కు ఒక మేస్త్రీ. ఒకప్పుడు గిద్దలూరు వైపు గొర్రెలు కాసుకునేవాడు. మేత తగాదాలో ఒకణ్ణి కొట్టాడు. వాడు చచ్చిపోయాడు, ఇతనికి శిక్ష పడింది. శిక్ష తీరినా తిరిగి పోలేదు. గుడికి మా ఊళ్ళలోలాగా చదునుగా మట్టిమిద్దె వేస్తానని మా ఆయన అనగానే తల పట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఈడ మిద్దె నిలవదు. ఎనిమిది నెలలు వానే. ఏటవాలుగా ఆకు కప్పుకోవాల."

"దేవునికి గుడిసె వేయమంటావా? పైన చౌడు పరిస్తే చుక్క దిగదు. మన పక్క మిద్దెలు తాతల కాలం నుంచి నిలబడలేదా?"

"మన పక్క వాన పడితే గదా అయ్యగారూ, మిద్దె కారేది!"

ఆయన వినలేదు. మా ఆయన పట్టు ఉడుము పట్టు. దూలాలు ఎత్తించి, కట్టెలు పేర్చి, ఆకు పరిచి, జానెడు మందాన మన్ను తొక్కించారు. అన్నిటికీ పైన మా ఊరి చౌడు పల్చగా చల్లారు. చూడ్డానికి మా ఊరి పెద్దరైతు ఇంటికి ఏమీ తీసిపోలేదు. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే అనిపించింది.

వాన మొదలైంది. మా వైపు ఏడాదంతా పడే వాన అక్కడ వారంలో పడింది. ముందు కప్పు మీద గడ్డి మొలిచింది. తర్వాత ప్రార్థన మధ్యలో వానపాములు రాలాయి. ఒకటి ఆయన తెరిచి పట్టుకున్న బైబిలులోనే పడింది. పదిహేనో రోజు పొద్దున, పిల్లలింకా బడికి రాకముందే, కప్పంతా ఒక్కసారిగా కూలింది.

నేను పరుగెత్తిపోయేసరికి ఆయన బురదలో చతికిలబడి ఉన్నారు. బాగా తిట్టాలనే వచ్చాను. ఏడుస్తున్న మనిషిని ఏం తిట్టను?

"మా నాయన గుడిసెలో పుట్టి గుడిసెలోనే పోయినాడు. మేం మిద్దె వేసుకుంటామంటే, మీకు మిద్దెలేందని ఊరోళ్ళు వేయనియ్యలేదు. దేవుని ఇల్లన్నా మిద్దె కావాలనుకున్నా. తప్పా?"

"తప్పు కాదు. లేయండి. ఓడకింకా నెలుంది," అన్నాను. మనసులో మాత్రం, ఇక మూటలు సర్దుకోవడమే అనుకున్నాను.

మేస్త్రీ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. మర్నాడే ఆడవాళ్ళం ఉప్పునీటి ఒడ్డున తాటాకులాగా పెరిగే ఆకు కోసుకొచ్చి కుట్టడం మొదలుపెట్టాం. మగవాళ్ళు వాసాలు ఎత్తారు. మా ఆయన రెండు రోజులు అటు తొంగి కూడా చూడలేదు. మూడో రోజు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పైన ఆకు కడుతున్న మనిషిని చూసి ముఖం చిట్లించారు.

"అదేం కట్టురా? గాలికి లేచిపోదా? చూరు నుంచి వరస పట్టుకుని పైకి పోవాల. దిగు నువ్వు."

పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కేశారు. పడతారు, దిగండని నేను కింద నుంచి కేకలు పెట్టాను. తర్వాత ఆయన చేతుల వేగం చూసి నోరు మూసుకున్నాను. చిన్నప్పుడు వాళ్ళ నాయన వెంట ఊరూరా తిరిగి బోదగడ్డితో ఇళ్ళు కప్పారట. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు ఒక్కనాడూ చెప్పలేదు. సిగ్గుపడి దాచుకున్నారు. ఆ రోజు మేస్త్రీతో సహా అందరూ ఆయన చెప్పినట్టే కట్టారు. మా ఆయన్ని చూసి నేను అంతగా పొంగిపోయిన రోజు ఇంకొకటి లేదు.

ఓడ వచ్చిన రోజు కుంభవృష్టి. దొరగారు నిలువునా తడిసి, వణుక్కుంటూ గుడిలోకి వచ్చారు. వాన హోరులో తమ గొంతు తమకే వినపడక పిల్లలు పాఠం అరిచి చదువుతున్నారు. దొరగారు కప్పు వంక చూశారు. అరచెయ్యి చాచి చాలాసేపు నిలబడ్డారు. ఒక్క చుక్క పడలేదు.

"ఈ కప్పు ఎవరు వేసినారు?" అని అడిగారు.

మేస్త్రీ చెప్పబోయాడు. మా ఆయన అతణ్ణి ఆపి ముందుకు వచ్చారు.

"నేనే దొరగారూ. మా నాయన నేర్పిన పని."

దొరగారు ఆయన నెరిసిన తల చూసి, మళ్ళీ కప్పు చూశారు. "మిమ్మును తీసుకొనిపోవలెనని వచ్చినాను. ఇంకను ఎంతకాలము ఉండగలరు?"

"ఈ ఆకు మూడేండ్లకొకసారి మార్చాల. ఆ పని నేను ఇంకొకరికి ఇయ్యను."

ఓడ మమ్మల్ని ఎక్కించుకోకుండానే పోయింది. తొమ్మిదేళ్ళకు పైగా ఉన్నాం. మూడుసార్లు ఆకు మార్చాం. మూడోసారికి ఆయనకు అరవై ఏడు. మూడుసార్లూ ఆయనే ఎక్కారు, మూడుసార్లూ నేను నిచ్చెన పట్టుకుని తిట్టాను.