పాత పేపర్ల మీద పిన్ని కోపం

ఇస్త్రీ పిన్నికి కోపం ఎప్పుడూ రెండు మూడు వారాలు ఆలస్యంగా వచ్చేది. బట్టలు చుట్టడానికి వీధివాళ్లు ఇచ్చే పాత పేపర్లే ఆమెకు వార్తలు. ఫోన్లో వచ్చేవాటిని ఆమె నమ్మదు. వార్తంటే అచ్చులో ఉండాలి. ఎప్పుడో రాజీనామా చేసి పోయిన మంత్రిని కూడా ఇవాళే తాజాగా తిడుతూ కాలరు మీద ఇస్త్రీపెట్టె అదిమేది. మంత్రి ఎంత తింటే కాలరు అంత గట్టిగా నిలబడేది.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది పిన్నీ," అనేవారు లెక్కల మాస్టారు.

"ఆలస్యంగానైనా మొరిగేది నేనొక్కదాన్నే కదా మాస్టారూ. మీరంతా అప్పటికే నిద్రపోయారు."

ఆమె భర్త, వీధికంతటికీ బాబాయ్, నోట్లో నాలుక లేని మనిషి. బొగ్గులు రాజేయడం, మూటలు ఇళ్లకు చేర్చడం ఆయన పని. పెళ్లయిన నాటినుంచీ ఇంట్లో మాటలన్నీ ఆవిడవే. ఆయనకు అదే హాయి.

చంద్రుడి మీదికి పంపిన నౌకంటే పిన్నికి ప్రాణం. మాస్టారికి అది పడదు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. కుళాయిలో నీళ్లు రావు గానీ, చంద్రుడి మీద వెతుకుతారా?"

"నౌక ఆపితే మీ కుళాయి పారుతుందా? ఆ డబ్బూ వాళ్లే మింగుతారు. నౌకైతే పైకి పోవడమైనా కంటికి కనబడుతుంది! అది దిగి తీరుతుంది. దిగకపోతే ఇక ప్రభుత్వం ఊసెత్తను. నా నోటికి తాళమే."

నౌక దిగలేదు. కూలిపోయింది. టీకొట్టు దగ్గర ఆ మాట విన్న బాబాయ్‌కి గుండె జారిపోయింది. నౌక కోసం కాదు. పిన్ని ఆడిన మాట తప్పే మనిషి కాదు. ఆ గొంతు వినపడని ఇంటిని తలుచుకుంటేనే ఆయనకు భయమేసింది. ఇల్లిల్లూ తిరిగి, చెప్పొద్దని బతిమాలాడు. వీధంతా సరేనంది, మాస్టారితో సహా.

ఆ వార్త ఉన్న పేపర్లు కట్టల్లో వచ్చినవి వచ్చినట్టు బొగ్గుల్లో వేసి రాజేశాడు. ఒక్కటి మాత్రం పిన్ని ఎదురుగా ఉండగా చేతికొచ్చింది. గబుక్కున మాస్టారి ప్యాంట్లకు చుట్టేశాడు. ఆయనకు ఎలాగూ తెలిసిందే కదా అనుకున్నాడు. చుట్టిచ్చిన పేపరు మళ్లీ బట్టలతోపాటు దుకాణానికే తిరిగొస్తుందన్న సంగతి, పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ చేస్తున్న పనిలోనే మరిచిపోయాడు. మాస్టారి భార్య పొదుపరి. మడత నలగకుండా పంపింది.

పిన్ని చదివింది. ఏమీ అనలేదు. చొక్కాలు మడతపెట్టింది, అన్నం వడ్డించింది, పడుకుంది. మర్నాడూ అంతే. కాలర్లు వాలిపోయాయి.

"ఏదో ఒకటి అనవే," అన్నాడు బాబాయ్. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కంచం పక్కకు జరిపాడు.

ఆ మరుసటి రోజు మాస్టారు తాజా పేపరు పట్టుకుని వచ్చారు. గెలిచానని చాటుకోవడానికి కాదు, పాపం, ముఖం వేలాడేసుకునే వచ్చారు. నౌకలో పరికరాలు నాసిరకానివట. అంటగట్టింది మంత్రిగారి బావమరిదట. మంత్రి మాత్రం కుర్చీ వదలకుండా, రెండో నౌకను రద్దు చేశాడట. మాస్టారు పైకి చదువుతుంటే పిన్ని పెదవులు బిగించింది. చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. జన్మలో మొదటిసారి ఒక అభిప్రాయం చెప్పాడు.

"మంచి పని చేశాడు. చంద్రుడితో మనకేం పని? మంత్రి బావమరిదన్నాక ఆమాత్రం తినడా?"

పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఏంటీ? కంచే చేను మేస్తే, కంచెను వదిలేసి చేను తగలబెడతాడా? దానికి నువ్వు వంతపాడతావా? ఇన్నేళ్లూ నా పక్కన నిలబడి నేర్చుకుంది ఇదా?"

తిట్లు దుకాణం కట్టేదాకా సాగాయి. మాస్టారు మెల్లగా జారుకున్నారు. బాబాయ్ తలవంచుకుని, ఒక్కటీ వదలకుండా విన్నాడు. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మూటలు సర్దుతూ ఆవిడ చటుక్కున ఆగి ఆయన ముఖంలోకి చూసింది.

"ఏమయ్యా, నిజంగానే నీకు చంద్రుడు అక్కర్లేదా?"

"చంద్రుడి సంగతి నాకేం తెలుసే. నువ్వు మాట్లాడకపోతే ఊపిరాడట్లేదు."

పిన్ని కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. అవసరమైన దానికంటే ఎక్కువసేపే తుడుచుకుంది.

"రేపట్నుంచి తాజా పేపరే తెమ్మని మాస్టారికి చెప్పు," అంది. "వాడు రాజీనామా చేసేలోపే తిట్టాలి."