పోటు వేళ

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లే రోజుల్లో, చిక్కడపల్లి హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. నాకంటే రెండేళ్లు చిన్నది. భూగోళం పుస్తకమంతా ఆమెకు కంఠస్థమే కానీ, ఆటుపోట్ల పాఠం వస్తే మాత్రం పేజీలు తిప్పేసేది.

పరీక్ష దగ్గరపడిందని ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టుబట్టి కూర్చోబెట్టాను.

"చూడు, చంద్రుడు తనకు దగ్గరున్న నీళ్లను ఎక్కువ లాగుతడు. అందుకే అవి ఉబ్బుతయి. అవతలి పక్క నీళ్ల మీద లాగుడు తక్కువ. భూమి ఇటు జరిగితే అవి ఎనకబడ్డట్టయితది, అట్ల అటు గూడ ఉబ్బుతయి. భూమి తిరుగుతది కాబట్టి చాలా ఒడ్లకు రోజుకు రెండుసార్లు పోటు వస్తది."

అమావాస్యకూ పున్నమికీ సూర్యుడు కూడా అదే వరసలోకి రావడంతో పోటు ఇంకా పెరుగుతుందని బొమ్మ గీశాను.

ఆమె ఆ బొమ్మనే చూస్తూ అడిగింది. "ఎన్ని గంటలకు వస్తదో ముందుగాల్నే తెలుస్తదా అక్కా?"

"తెల్వకేంది? ఏడాది ముందే లెక్కగట్టి పెడతరు" అన్నాను హుషారుగా.

ఆమె పెన్నుకు మూత పెట్టింది. అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న మేస్త్రీ వెంట సముద్రపు ఒడ్డున గోడ కట్టే పనికి పోయాడట. అంతకుముందు సముద్రం చూసినవాడు కాదు. ఒక అమావాస్య రోజు, నీళ్లు వెనక్కి పోయి ఉన్నప్పుడు, రాళ్లు సర్దడానికి చాలా లోపలికి నడిచాడు. నీళ్లు తిరిగి వచ్చాయి.

"గంగమ్మ తీస్కపోయిందంటది మా అమ్మ. నేను గూడ గట్లనే అనుకున్న."

సాయంత్రం నేను మేడ మీద బట్టలు తీస్తుంటే ఆమె అక్కడే తల్లికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి, చంద్రుడి సంగతి, నీళ్ల సంగతి నిదానంగా చెప్పింది. అంతా విన్నాక తల్లి అడిగింది.

"ఆ లెక్క తెలిసినోడు ఒక్కడన్న ఆడ లేకుండెనా బిడ్డా?"

ఆమె స్పీకర్ ఆపి ఫోన్ పెట్టేసింది.

మా ఇద్దరికీ ఉద్యోగం రాలేదు. ఆమె గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయింది. నేనిప్పుడు నారాయణగూడలో భూగోళం చెబుతున్నాను. ఆటుపోట్ల పాఠం రోజున, మీ ఇళ్లలో సముద్రం దగ్గర పనికి పోయినవాళ్లు ఉన్నారా అని అడుగుతాను. ఒకరిద్దరు చేతులెత్తుతారు. పోటు వేళలు ఎక్కడ చూడాలో వాళ్లకు రాయిస్తాను. ఈ మాట ఆమెకు చెబుదామని మొన్న ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు వేరెవరిదో.