తెల్లాపూర్‌లో తాళం వేసిన గది

1973 వేసవిలో నేను లింగంపల్లి దగ్గర ఒక అట్టల మిల్లులో పర్సనల్ ఆఫీసరుగా చేరాను. ఇప్పుడు కంప్యూటర్ కంపెనీల బస్సులు బారులు తీరే ఆ దారుల్లో అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ ఒక పొగగొట్టం ఉండేవి. నాది తెనాలి. కార్మికుల హాజరు, సెలవులు, క్రమశిక్షణ నా బాధ్యతలు. ఆ ఉద్యోగంలో అనుమానం జీతంతో పాటు వచ్చే అలవెన్సు లాంటిది. నాకు అది పుట్టుకతోనే కొంత ఉండడం వల్ల పని తొందరగా పట్టుబడింది.

తడి అట్ట ఆరాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి. బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ ఎప్పుడూ ఉండి తీరాలన్నది చట్టం. మాకు అలాంటివాళ్ళు ముగ్గురే, ఒక్కో షిఫ్టుకు ఒకరు. ఒకరికి వారపు సెలవు వస్తే మిగతా ఇద్దరూ చెరి సగం రోజు నెట్టుకొచ్చేవారు. ఇద్దరిలో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే సెలవులో ఉన్నవాణ్ణి పిలిపించేవాళ్ళం. అందుకు వీలుగానే వాళ్ళకు గేటు పక్కన క్వార్టర్లు ఇచ్చారు. పోయిన సెలవుకు బదులు సెలవు ఇస్తామని కాగితం మీద ఉండేది. ఇచ్చినట్టు ఎవరికీ గుర్తులేదు.

ఒక ఆదివారం డ్యూటీలో ఉన్న అటెండెంటుకు వాంతులు పట్టుకున్నాయి. ముగ్గురిలో పెద్దవాడు యాదయ్యకు ఆ రోజు సెలవు. వాచ్‌మన్ క్వార్టరుకు పరుగెత్తాడు. మనిషి లేడు. చేసేది లేక బాయిలర్ ఆపారు, యంత్రం మీదున్న అట్టంతా పాడైంది. మర్నాడు మేనేజరు నన్ను పిలిచి, సెలవు రోజున ఈ ముగ్గురిలో ఒక్కడైనా ఇంట్లో దొరకడం చూశారా అని అడిగారు. వాచ్‌మన్‌ని విచారిస్తే నిజమే, కొన్ని నెలలుగా ఎవరూ దొరకడం లేదు. పటాన్‌చెరు వైపు కొత్తగా ఒక నూనె మిల్లు వచ్చింది, అక్కడా బాయిలర్ ఉంది. సెలవు రోజున మనవాళ్ళు అక్కడ చేస్తున్నారని మేనేజరు తేల్చేశారు. నాకూ అలాగే తోచింది. యాదయ్యకు చార్జిషీటు ఇచ్చి, విచారణ నాకు అప్పగించారు. రెండు చోట్ల పనిచేస్తున్నట్టు రుజువైతే ఉద్యోగమూ పోతుంది, క్వార్టరూ పోతుంది.

ముందు అతని భార్య అంజమ్మను అడిగాను. ఆమె గుమ్మంలోంచి కదలకుండా, గొంతు తగ్గించి, “నాకు గూడ చెప్పడు సార్. టిఫిన్ కట్టియ్యమంటడు, సైకిలేసుకొని పోతడు. పొద్దుగూకినంక వస్తడు. ఇంకో సంసారం గిట్ల పెట్టిండా ఏంది? జర మీరే సూడుండ్రి,” అంది. ఫిర్యాదుదారు మిల్లు ఒక్కటే అనుకుని వెళ్ళినవాడిని, ఇద్దరి తరఫున వెనక్కి వచ్చాను.

తరవాతి సెలవు నాడు నా సైకిలు తీసుకుని అతని వెనక బయల్దేరాను. పటాన్‌చెరు రోడ్డెక్కుతాడనుకుంటే తెల్లాపూర్ బాట పట్టాడు. ఊరి చివర ఒక పెంకుటింటి వెనక్కి వెళ్ళి మాయమయ్యాడు. కాసేపు ఆగి నేనూ వెళ్ళాను. పెరట్లో ఒక గది, దానికి బయట తాళం. గడప ముందు ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది.

“ఈ వైపు ఒకాయన వచ్చాడండి, సైకిలు మీద...” అన్నాను.

“ఎవ్వల్రాలే బిడ్డా. గా రూమ్ల గడ్డి ఉన్నది,” అంది ఆమె.

ఆ మాట పూర్తి కాకుండానే గడ్డి గట్టిగా గురక పెట్టింది.

నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. నేను ఫలానా అని చెప్పాక మరీ మొండికేసింది. చివరికి, ఇది అతని ఉద్యోగం సంగతి అంటే తాళం తీసింది. లోపల ఒక నులక మంచం, ఒక కుండ, కిటికీకి తడిపిన గోనెపట్టా. ఇంకేమీ లేదు. పేక ముక్కలు లేవు, సీసా లేదు, మరో సంసారం లేదు. యాదయ్య బోర్లా పడి నిద్రపోతున్నాడు. వెలుతురు మొహాన పడగానే దిగ్గున లేచాడు. నన్ను చూసి, ఎందుకొచ్చారనలేదు. “ఎవరికి బాగలేదు సార్?” అంటూ చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

ఎవరికీ ఏమీ కాలేదని చెప్పి కూర్చోబెట్టాక విషయం చెప్పాడు. బాయిలర్లో నీళ్ళు ఎంత ఉన్నాయో ఒక గాజు గొట్టంలో కనిపిస్తుంది. అటెండెంటు చూపు దాని మీదే ఉండాలి. నీళ్ళు అడుగంటాక లోపలి ఇనుము ఎర్రగా కాలిపోతుంది. అప్పుడు కంగారుపడి నీళ్ళు వదిలితే బాయిలర్ పేలుతుంది, షెడ్డులో ఎవరూ మిగలరు. సెలవు పోగొట్టుకుని, ఆ వెంటనే సగం రోజు డ్యూటీ చేస్తూ యాదయ్య నిలబడే కునుకు తీశాడు. కళ్ళు తెరిచేసరికి గాజులో నీళ్ళు లేవు. నీళ్ళ జోలికి పోకుండా పొయ్యిలోని నిప్పు బయటికి లాగేసి బతికిపోయాడు. ఆ వారమే ముగ్గురూ కలిసి ఈ గది కిరాయికి తీసుకున్నారు. ఎవరికి సెలవైతే వాళ్ళు వచ్చి పడుకోవాలి, ముసలావిడ బయట తాళం వేయాలి, ఎవరొచ్చినా లేరనాలి. భార్యకైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఆమెకు అబద్ధం చెప్పుడు రాదు సార్. వాచ్‌మన్ గట్టిగడిగితే చెప్పేస్తది,” అన్నాడు. ఇక ఆమెకు చెప్పక తప్పదని నేను చెబితే తల గోక్కున్నాడు.

తరవాత అతను అన్నది నేను ఊహించనిది. “నౌకరి పోతే పోనియ్యుండ్రి సార్. గీ రూమ్ సంగతి మాత్రం రాయకుండ్రి. ఇంకిద్దరున్నరు.”

నివేదికలో, అతను వేరే చోట పనిచేయడం లేదని, విశ్రాంతి తీసుకోవడం స్వయంగా చూశానని రాశాను. ఎక్కడ అని మేనేజరు అడిగారు. చెప్పనన్నాను. ఆ రోజు నుంచి ఆయన అనుమానం నా మీదికి మళ్ళింది. కార్మికులు నన్ను లోబరుచుకున్నారని ఒకరిద్దరి దగ్గర అన్నారు కూడా. విశ్రాంతే కావాలంటే మనమే ఇద్దామని గేటు పక్కన ఒక గదిలో రెండు మంచాలు, ఫ్యాను పెట్టించి బోర్డు రాయించారు. ముగ్గురిలో ఒక్కడూ దాని గడప తొక్కలేదు. చూశారా, నిద్ర అంతా నాటకం అన్నారాయన. యాదయ్యను అడిగితే, “గేటు కాడ పండుకుంటే చెవులు గేటు మీదనే ఉంటయ్ సార్, నిద్రెట్ల పడ్తది?” అన్నాడు.

అప్పుడు మేనేజరు దగ్గరికి వెళ్ళి గాజు గొట్టం సంగతి చెప్పాను. ఆయన స్వతహాగా ఇంజనీరు, నేను సగంలో ఉండగానే ముఖం పాలిపోయింది. ఎవరి షిఫ్టులో అన్నారు. పేరు చెప్పను, ముగ్గురే ఉన్నంతకాలం ఎవరి షిఫ్టులోనైనా జరుగుతుందన్నాను. చార్జిషీటు రద్దయింది, నాలుగో అటెండెంటు వచ్చాడు.

అయినా తెల్లాపూర్ గది ఖాళీ కాలేదు. ఇంకా ఎందుకయ్యా అంటే, “ముందుగాల ఒక్కపారి పిలవకుండ ఉండుండ్రి సార్, తర్వాత సూద్దాం,” అన్నాడు యాదయ్య. ఈసారి అనుమానం అతని వంతు. తప్పుపట్టలేకపోయాను. చలికాలంలో ఒక అటెండెంటుకు అమ్మవారు పోసింది. అతని షిఫ్టులు నాలుగో మనిషి చూసుకున్నాడు. ఆ రోజుల్లో వచ్చిన యాదయ్య సెలవులకు వాచ్‌మన్ అతని తలుపు కొట్టలేదు. ఆ తరవాతే ముసలావిడ గది ఖాళీ చేసేశారని విన్నాను.

విశ్రాంతి అంటే మంచమూ ఫ్యానూ కాదని, ఆ వేళకు తన పని చేసే మరో మనిషి అని నాకు అక్కడ తెలిసింది. ఆ తరవాత పనిచేసిన మూడు ఫ్యాక్టరీల్లోనూ విశ్రాంతి గది కట్టాలని ఫైలు నా బల్ల మీదికి వస్తే, బదులు మనిషి ఎవరో రాసి తెమ్మని వెనక్కి పంపేవాణ్ణి. చాలా ఫైళ్ళు మళ్ళీ రాలేదు.