నియంత చెల్లెలు

నల్లజీలకర్ర వేడి పెనం మీద చిటచిటలాడి ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, రాయచోటిలో నా టిఫిను అంగడిలో నిలబడి ఉన్నదాన్ని సౌదీలో బురైదా ఊళ్ళోని ఆ వంటింట్లోకి వెళ్ళిపోతాను. కిటికీ బయట ఖర్జూరపు తోటల మీంచి వచ్చే దుమ్ము, లోపల పొయ్యి సెగ, నా పక్కన పిండి పిసుకుతూ ఒక ముసలామె. ఆమె రొట్టె చేస్తే నల్లజీలకర్ర చల్లకుండా ఉండేది కాదు. అంత మంచి వాసనకు ఇప్పటికీ నాకు మొదట కలిగేది సంతోషం కాదు, ఎవరో తలుపు కొడతారేమోనన్న బెదురు.

మా ఆయన పోయాక, కొడుకు చిన్నాను మా అన్న ఇంట్లో వదిలి ఇంటిపనికి సౌదీ వెళ్ళాను. నేను పనిచేసే ఇంటి మేడమీద ఒక కుటుంబం అద్దెకుండేది. ఫోన్ల దుకాణంలో పనిచేసే సాలిమ్, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి. వాళ్ళదీ అరబీ మాటే గానీ దేశం వేరు. ఏ దేశమో ఇప్పటికీ రాయడానికి నాకు ధైర్యం లేదు. ఆ తల్లిని అందరూ ఉమ్ సాలిమ్ అనేవారు. నేను ఖాలా అనేదాన్ని, మన దగ్గర పిన్నమ్మ అన్నట్టు. నా పేరు రమణమ్మ. ఆమె నోట అది రమానా అయింది. నాకొచ్చిన వంటింటి అరబీని సరిదిద్దింది ఆమే. ఇంటి మేడమ్ నా మీద కేకలేసినప్పుడు అడ్డం వచ్చి, "నెమ్మదిగా చెప్పమ్మా, దానికి చెవుడు లేదు" అన్నదీ ఆమే.

ఒక మధ్యాహ్నం మేడమ్ టీవీ చూస్తోంది. ఖాలా, నేను నేలమీద కూర్చుని కలీజా బిస్కెట్లలో ఖర్జూరపు ముద్ద పెడుతున్నాం. తెరమీద ఖాలా దేశాన్ని చాలా ఏళ్ళు ఏలిన నియంత గురించి చెబుతున్నారు. అప్పటికి అతను చచ్చి కొంతకాలమైంది. అతని జైళ్ళు, మాయమైపోయిన మనుషులు, కొడుకుల కోసం ఫొటోలు పట్టుకుని నిలబడ్డ తల్లులు. చివర్న అతని చిన్ననాటి ఫొటో వేశారు. మట్టిగోడ ముందు ఇద్దరు మగపిల్లలు, మధ్యలో ఒక ఆడపిల్ల. ఆ పిల్ల ఎడమ కనుబొమ మధ్యలో తెగి, అంతమేర వెంట్రుక మొలవలేదు. నేను పక్కకు తిరిగి చూశాను. ఖాలా కండువా నుదుటి మీదికి లాక్కుని, తట్ట ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"చూశావు కదూ?" అంది, నేను లోపలికి వెళ్ళగానే, వెనక్కి తిరక్కుండా.

"చూశాను ఖాలా."

"వాడు మా అన్న. వాడు చంపించినవాళ్ళ పిల్లలు ఈ ఊళ్ళోనే ఎంతమంది ఉన్నారో! పేరు మార్చుకుని బతుకుతున్నాం."

"నేనెవరికి చెబుతాను? నా అరబీ నీకే సగం అర్థం కాదు."

ఆమె నవ్వింది. కండువా మాత్రం నుదుటి మీంచి తీయలేదు. ఆ రోజు నుంచి వీధి తలుపు గంట మోగితే ఆమెతో పాటు నేనూ చేతిలో పని ఆపేదాన్ని.

శుక్రవారాలు చిన్నాతో ఫోన్లో మాట్లాడేదాన్ని. ఒక శుక్రవారం వాడు మంచి హుషారుగా ఉన్నాడు.

"మా, ఈపొద్దు మామ నాకు రెండు గుడ్లు పెట్టినాడు."

"ఏంది నాయనా, ఏమి ఇశేషం?"

"బాబిగాడు బడి ఎగ్గొట్టి ఆడుకోను పొయినాడని నేనే చెప్పినా. మామ వాన్ని బెల్టుతో వాయించినాడు. వానికి కూడు గూడ పెట్టలే. దినామూ తినేముందర అడుగుతాడు మా, ఎవురేం తప్పు చేసినారని. అందరికంటే ముందు నేనే చెప్తా!"

బాబి మా అన్న సొంత కొడుకే. వెనకనుంచి ఆ అన్న గొంతే వినిపించింది. "నీ కొడుకు బంగారం మ్మే! ఇంట్లో చీమ చిటుక్కుమన్యా నాకు తెలుచ్చాది."

మేడమీద బట్టలు ఆరేస్తూ దాన్నొక ముచ్చటలా ఖాలాకు చెప్పాను. ఆమె చేతిలో తడి దుప్పటి అలాగే ఆగిపోయింది. నీళ్ళు కాళ్ళమీద కారుతున్నా పట్టించుకోలేదు.

"మా నాన్న కంచరగాడిదల మీద ఉప్పు మోసేవాడు," అని మొదలుపెట్టింది. నాన్న పోయాక తల్లి మరిదిని పెళ్ళాడిందట. రోజూ పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టి, ఆ మారుతండ్రి అడిగేవాడట, ఇవాళ ఎవరు తప్పు చేశారని. చెప్పినవాళ్ళకు రొట్టె, పట్టుబడ్డవాళ్ళకు తోలుపట్టా. "పెద్దన్న మొదట్లో ఏడ్చేవాడు. తర్వాత చెప్పడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత లేనివి కల్పించడం నేర్చుకున్నాడు. వాడు కల్పించిన అబద్ధానికి నాకు పడ్డ దెబ్బకే ఈ కనుబొమ తెగింది. చిన్నన్న మాత్రం నోరు విప్పేవాడు కాదు, పస్తు పడుకునేవాడు. పెద్దయ్యాక రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. పెద్దన్న చేతికి అధికారం రాగానే మొదట జైల్లో పెట్టింది వాణ్ణే. చివరికి దేశం మొత్తం ఆ పళ్ళెం చుట్టూ కూర్చుంది, రమానా."

"అందుకే అతను అలా అయ్యాడా ఖాలా?"

"తెలియదు. అదే రొట్టె నేనూ తిన్నాను కదా. నీ కొడుకు అలా అవుతాడని నేననడం లేదు. కానీ వాడికి అన్నంతో పాటు ఏం పెడుతున్నారో నువ్వు వెళ్ళి చూసుకో."

ఎలా వెళ్ళాలి? మా కఫీల్, అంటే నా వీసా చేతిలో ఉన్న యజమాని, ఒప్పుకోవాలి. మా అన్నకు కోపమొస్తే ఊళ్ళో నిలవడానికి నాకు నీడ లేదు. నా బిడ్డను ఉంచింది తెలియని ఇంట్లో కాదు కదా, సొంత అన్న ఇల్లే కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అయినా తినడానికి కూర్చుంటే వాడి కంచమే కళ్ళముందు కనబడేది.

ఈలోగా ఖాలా వాళ్ళ మీదే పిడుగు పడింది. ఫోన్ల దుకాణాల్లో సౌదీవాళ్ళే ఉండాలన్నారు, సాలిమ్ పని పోయింది. పరదేశులు వెంట తెచ్చుకున్న కుటుంబానికి తలకింత అని పన్ను వేశారు. ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, గడువు దగ్గరపడుతుంటే సాలిమ్ చుట్టుపక్కల తోటల్లో కూడా పని అడిగి తిరిగాడు. స్వదేశానికి పోతే విమానాశ్రయంలోనే గుర్తుపడతారు. చివరికి ఎవరో వేరే ఏదో దేశానికి వీసా ఇప్పించారు. ఏ దేశమని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

రియాద్ వెళ్ళే బండిలో సామాన్లు ఎక్కిస్తున్నారు. మెట్ల దగ్గర ఖాలా నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు అడిగాను, "చిన్నప్పుడు మీ పెద్దన్నంటే నీకు ఇష్టముండేదా?"

"వాగు పొంగితే నన్ను భుజాలమీద ఎక్కించుకుని దాటించేవాడు. భయమేస్తే ఈల వెయ్యడం నేర్పాడు. వాడి కోసం ఒక్కసారి గట్టిగా ఏడవాలని ఉంటుంది. ఎక్కడ ఏడవను?" అని బండెక్కింది. ఆమె సంగతి నాకు మళ్ళీ తెలియలేదు.

నేను మేడమ్ కాళ్ళావేళ్ళా పడి, కొన్ని నెలలకు దేశం వదిలి పోవడానికి ఎగ్జిట్ వేయించుకుని ఇంటికొచ్చాను. అన్న గుమ్మంలోనే అడిగాడు, "మా ఇంట్లో వానికేం తక్కవైంది మ్మే?" తక్కువేమీ కాలేదన్నాను. బిడ్డ చెయ్యి వదలకుండానే అన్నాను. ఆ తర్వాత చాలాకాలం అన్న నాతో మాట్లాడలేదు. అద్దెగదిలో మొదటిసారి అన్నం పెడితే చిన్నా తినకుండా నా వైపు చూస్తూ కూర్చున్నాడు. అడగకుండానే గది అద్దెకిచ్చిన ఇంటాయమ్మ కూతురు దొంగతనంగా సినిమాకు పోయిందని చెప్పాడు. "తిను నాయనా" అన్నాను. ఇంకొకటి చెప్పాడు. "తిను." వాడికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా నేను కంచం తీసెయ్యలేదు, పక్కనే కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక వాడు కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపాడు. ఆ అలవాటు పోవడానికి చాలా కాలమే పట్టింది. అది పోయిందో, లోపలికి దిగిందో అని నేను నిద్రలో కూడా ఆలోచించేదాన్ని.

పోయినేడు చిన్నా చదివే కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిపించాడు. పిల్లలు ల్యాబులో అద్దాలు పగలగొట్టారట. "మీవాడికి అంతా తెలుసమ్మా. పేర్లు చెబితే వదిలేస్తా. చెప్పమనండి" అన్నాడు. చిన్నా తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క పేరు బయటికి రాలేదు. వారం రోజులు కాలేజీకి రావద్దన్నారు.

దార్లో వాడు నడక ఆపాడు. "నేను చెప్పి ఉండాల్సిందంటావా మా?"

చెప్పాల్సిన రోజులూ ఉంటాయి, నోరు మూసుకోవాల్సిన రోజులూ ఉంటాయి. ఏది ఏదో ఖాలాకే తెలియలేదు, నాకేం తెలుస్తుంది? ఎండలో వాడి ముఖం చూస్తూ, "ఆకలిగా ఉందా?" అన్నాను.