గోడ దాటని పొగ

మా ఆయన పోయాక ప్రొద్దుటూరులో ఒక్కదాన్నే ఉంటున్నాను. తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిన గ్యాస్ పొగపెట్టెలో చెక్కముక్కలు వేసి, పెరట్లో ఆదివారాలు కాస్త మాంసం పొగబెట్టుకుంటాను. ఒక ఆదివారం గ్యాస్ మిగులుతుందని మంట మరీ తగ్గించి తలుపు మూశాను. ఎంతసేపటికీ పొగ రాలేదు. మంట ఆరిపోయిందని అగ్గిపుల్ల తీశాను. జలుబుతో నాకు వాసన తెలియలేదు.

"గీకొద్దు పెద్దమ్మా, గ్యాస్ వాసన కొడతాంది" అని పక్కింటి ఖాసింబీ గోడ మీంచి అరిచింది. పరుగున వచ్చి సిలిండర్ ఆపేసి, పెట్టె తలుపు తెరిచింది. నేను అగ్గిపెట్టె పక్కన పడేశాను.

"నా ఇంట్లోకి తొంగి చూసేదేంది నువ్వు?" అన్నాను.

"ప్రతి ఆదివారం నీ పొగ మా ఇంట్లోకి వస్తాది. ఈ పొద్దు రాలేదని చూసినా."

ఇన్నాళ్లూ నన్ను ఎవరూ గమనించరనుకున్నాను. ఇప్పుడు మంట ఆరకుండా చూసుకుంటాను. పొగ గోడ దాటిందో లేదో కూడా చూస్తాను.