జోడీ రాజబాబు

మా దీవిలోని మిడిల్ పాయింట్ పేట‌లో మా పక్కిల్లు రాజబాబుది. ప్రభుత్వ లాంచీ నడిపే సరంగుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరూ చాటుగా జోడీ రాజబాబు అంటారు, నేను మొహం మీదే అంటాను. ఆ ఇంట్లో ఏ వస్తువూ ఒంటరిగా ఉండదు. రెండు గొడుగులు, రెండు టార్చిలైట్లు, రెండు కళ్ళజోళ్ళు. చర్చికి వస్తే చంకలో రెండు పాటల పుస్తకాలు.

"సముద్రం మధ్యలో ఒకటి పాడైతే దుకాణం ఎక్కడుంటాది భయ్యా?" అంటాడు.

"ఇప్పుడు ఇంట్లో ఉన్నావు కదయ్యా!"

"ఇల్లున్నది మాత్రం ఎక్కడ? చుట్టూ నీళ్ళే కదా!"

ఇలాంటి మనిషితో వాదించి లాభం లేదని నేను ఎప్పుడో వదిలేశాను.

ఆయన అత్తగారు యర్రమ్మ. కొత్త పెళ్ళికూతురిగా సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా ఉయ్యాలలో వేసేటప్పుడు ఆమే జోల పాడాలి. ఆ పాట ఆమె సొంతం. దాన్ని రాజబాబు ఒకసారి టేపురికార్డర్లో పట్టాడు. తర్వాత కొన్నాళ్ళకి ఆమె పోయింది. ఇక్కడి తేమకి క్యాసెట్టు బూజు పట్టింది. పూర్తిగా పాడయ్యేలోపు పాటను కంప్యూటర్లోకి ఎక్కించారు గానీ, ఆ తర్వాత క్యాసెట్టు ఎందుకూ పనికిరాలేదు.

ఈలోగా వాళ్ళమ్మాయి లీదియా నీళ్ళోసుకుంది. రాజబాబు భార్య ప్రేమావతిది ఒకటే కోరిక. తొలి మనవణ్ణో మనవరాలినో అమ్మ గొంతు వినిపిస్తూ ఉయ్యాలలో వెయ్యాలి.

ఆ గొంతు ఇప్పుడు ఒక్కచోటే ఉంది. ఒక్కటే! జోడీ రాజబాబుకి అన్నం సయిస్తుందా? మద్రాసు నుంచి ఓడలో వచ్చే మనిషి చేత ఒకే రకం హార్డ్‌డిస్కులు రెండు తెప్పించాడు. కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకుని, బనీనుతో కూర్చుని బిగించాడు. ఒకదాంట్లో రాసిందల్లా రెండోదాంట్లోనూ ఆ క్షణమే రాసుకునేట్టు సెట్టింగు పెట్టాడు. నన్ను పిలిచి, నా ఎదురుగా ఒక డిస్కు తీగ తీసేసి కంప్యూటర్ ఆన్ చేశాడు. యర్రమ్మ చక్కగా పాడింది. తీగ మళ్ళీ తగిలిస్తే, ఆ డిస్కు రెండోదాన్ని చూసి అందులోదంతా రాసుకుంటూ కూర్చుంది.

"దీన్ని మిర్రర్ అంటారు భయ్యా. అద్దం!" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

ప్రేమావతి వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "అద్దమా? అద్దంలో అంతా ఉల్టా కదండీ! అంబులెన్సు మీద రాతలు సూళ్ళేదా? మా అమ్మ పాట తోకలోంచి మొదలవుద్దా ఏటి?"

మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు.

లీదియాకి పాప పుట్టింది. ఉయ్యాల రోజు దగ్గర పడింది. ఇల్లంతా సర్దుతూ రాజబాబు కంప్యూటర్నీ సర్దాడు. పాట చివర ఏదో గొణుగుడు ఉందని దాన్ని కత్తిరించాడు. కత్తిరించని పాతదాన్ని తీసేయబోయి ఫోల్డర్ మొత్తం తీసేశాడు. ఆయన శుభ్రం ఎలాంటిదంటే, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, పాత లాంచీల ఫోటోలతో డిస్కు నింపేశాడు. ఉయ్యాల ముందురోజు పాట పెట్టి చూద్దామని వెతికితే లేదు. రెండో డిస్కులో వెతికాడు. అందులోనూ పాట లేదు.

పాలిపోయిన మొహంతో నా దగ్గరికొచ్చాడు. "ఇక్కడ సెరిపితే అక్కడా సెరిగిపోయింది భయ్యా."

"అద్దం కదా మరి!" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను. పెద్ద మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. లాక్కెళ్ళి ప్రేమావతి ముందు నిలబెట్టాను.

ఆమె అంతా విని తిట్టాల్సినవన్నీ తిట్టింది. ఒకటి మిగలకుండా. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని, "మీ ఉల్టా కాపీని నాను నమ్మితే కదా! ఆ వారమే లీదియా సేత ఒక సీడీలో సీదా కాపీ తీయించి రంగత్‌లో సెల్లికి పంపేసేను. పుష్ప రేపు బస్సులో వస్తంది, తెమ్మని ఫోను సేస్తాను" అంది.

రాజబాబు అక్కడే నేల మీద కూలబడి నవ్వాడు. ఉల్టా సంగతి ఆమెకి ఇప్పుడు విడమరిచి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

మర్నాడు ప్రేమావతి చెల్లెలు పుష్పవతి సీడీని జాకెట్ గుడ్డలో చుట్టి తెచ్చింది. పాస్టరుగారి ప్రార్థన అయింది. పాపను ఉయ్యాలలో వేశారు. యర్రమ్మ గొంతు ఎత్తుకుంది.

"బజ్జోయే నా తల్లి, ఓడొచ్చిందాకా...
ఓడలో ఉల్లిపాయలు, నీకేమో బెల్లంముక్క..."

పాట అయిపోయింది. పుష్పవతి ఆపబోతుంటే సీడీలోంచి అప్పటి రాజబాబు గొంతు వచ్చింది. "అత్తా, ఇంకోసారి పాడండి. రెండుంటే మంచిది."

దానికి యర్రమ్మ నవ్వు. "సాల్లే బాబూ, నీ జోడీ పిచ్చి! రెండోసారి మన లీదియాకి బిడ్డ పుట్టినప్పుడు పాడతాన్లే."

ఆయన గొణుగుడని కత్తిరించింది ఇదే. లీదియా వెక్కివెక్కి ఏడ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను, నాకూ ఆగలేదు. పాప మాత్రం హాయిగా నిద్రపోతోంది.

రాజబాబు ఉయ్యాల తాడు పట్టుకుని మెల్లగా ఊపాడు.

"పాడేశారు అత్తా," అన్నాడు. "ఇది రెండోసారి."